రెండు సుద్దగీతలు

మా వంటగది, బల్ల దగ్గర
మే 12

మామయ్యగారికి నమస్కారం.

మీరు బస్సెక్కి నాలుగు రోజులైంది. ఫోన్ చేద్దామనుకుని ఆగాను. చేస్తే మీరక్కడ "ఆఁ? ఆఁ?" అంటారు, నేనిక్కడ గొంతు చించుకుంటాను, పక్కింటావిడ ఎవరితో పోట్లాటా అని తలుపు తీసి చూస్తుంది. నలభై ఏళ్ళు కుట్టుమిషను మోతలో కూర్చుని చెవులు పోగొట్టుకున్నది మీరు, శిక్ష మా అందరికీ. అందుకే కాయితం.

బఠాణి బాగుంది. స్కానింగులో బఠాణీ గింజంత ఉందని డాక్టరమ్మ అన్నరోజు మీరు పెట్టిన పేరు, ఇప్పుడు అసలు పేరు పెట్టి పిలిస్తే పలకడం మానేసింది. తాత ఏమంటాడే అని అడిగితే చెవికి చెయ్యి అడ్డం పెట్టుకుని "ఆఁ" అంటోంది. రెండేళ్ళ పిల్లకి ఇవన్నీ ఎవరు నేర్పుతారు? నేను నేర్పలేదు, ఒట్టు.

మంచి మాట అయింది, ఇక పోట్లాట. మా లాబ్ ముందు మీరు చేసిన పని నాకింకా మింగుడుపడలేదు. కారు వెనక సీట్లో పిల్ల కుర్చీని నేను బిగించాను. మీరొచ్చి దాన్ని రెండు చేతులా పట్టుకుని ఊపి, "ఇది బిగింపు కాదమ్మా" అని బెల్టు ఊడదీసి, మోకాలేసి, మళ్ళీ మొదట్నించి బిగించారు. నాతో పనిచేసేవాళ్ళు నలుగురు టీ కప్పులు పట్టుకుని నిలబడి చూశారు. నేను రోజుకి అరవైమంది చేతుల్లో నరం వెతికి రక్తం తీసేదాన్ని. ఎవరికీ దొరకని నరమైతే నన్నే పిలుస్తారు. అలాంటిదాన్ని, కన్నకూతురి కుర్చీకి బెల్టు బిగించడం చేతకానిదాన్నని నలుగురి ముందూ తేల్చేశారు. ఒక్కసారైతే ఊరుకునేదాన్ని. నేను బిగించిన ప్రతిసారీ మీరు వెనకాలే వచ్చి లాగి చూస్తారు. నా మీద నమ్మకం లేదంటే లేదని చెప్పెయ్యండి, బాధపడను.

అబద్ధం. బాధపడతాను.

కోపంలో రాసింది కొట్టెయ్యబుద్ధి కాలేదు, అలాగే పంపుతున్నాను. వచ్చే నెల తప్పకుండా రండి.

మీ కోడలు


షాపులో, కత్తిరింపు బల్ల మీద
మే 19

అమ్మాయ్,

ఇక్కడ మిషనూ నేనూ నడుస్తున్నాం. దానికి నూనె పొయ్యాలి, నాకు టీ పొయ్యాలి, అంతకంటే తేడా లేదు.

నీ ఉత్తరం చదివి ముఖం మాడ్చుకున్నమాట నిజం. ఆ మధ్యాహ్నం ఒక టాక్సీ సీటు కవరు తిరగేసి కుట్టి మళ్ళీ అంతా విప్పుకున్నాను. నలుగురి ముందూ అలా చెయ్యకూడదు. తప్పే. కానీ ఎందుకు చేస్తానో కూడా విను. గుద్దుకున్న కార్లు సీట్లు మార్చడానికి నా దగ్గరికే వస్తాయి. వాటిలో మనుషులుండరు, సీట్లే ఉంటాయి. పిల్ల కుర్చీ ముందుకి దూకి ముందుసీటు వీపుకి గుంట పెట్టిన కార్లు ఇప్పటికి మూడు చూశాను. ఆ గుంటల మీద కొత్త రెక్సిన్ తొడిగింది నేనే. ఆ పిల్లలేమయ్యారని ఏ ఒక్కరినీ అడగలేకపోయాను.

ఆఖరిసారి చెబుతాను, మళ్ళీ నోరెత్తను. కుర్చీ వెనకున్న కన్నాల్లోంచి బెల్టు మెలిపడకుండా దూర్చి బకిల్ టక్కుమనిపించు. తర్వాత భుజం వైపు బెల్టుని చివరికంటా బయటికి లాగి వదులు. అది లోపలికి పోతూ కటకటమంటుంది, అంటే ఇక బయటికి రాకుండా పట్టుకున్నట్టు. అప్పుడు కుర్చీలో మోకాలు పెట్టి ఒంటి బరువంతా వేసి, ఉన్న వదులంతా లాగెయ్యి. కుర్చీ సీటు మెత్తలోకి దిగాలి. చివరగా బెల్టు దూరినచోట పట్టుకుని ఊపి చూడు, బొటనవేలి వెడల్పు కదిలినా పనికిరాదు. అంతే, విద్యంతా ఇంతే.

ఇకమీద నువ్వు బిగించిన కుర్చీ నేను ముట్టుకోను. ముట్టుకుంటే చెయ్యి విరగ్గొట్టు. మాటంటే మాటే.

అలక తీరడానికి మీ కారు వెనక సీటుకి కవరు కుట్టాను, పార్సెల్లో వస్తోంది. ఎవరో ఆర్డరిచ్చి తీసుకెళ్ళని మంచి తోలు. రెండు వరసల కుట్టు, అంతా చేత్తో వేశాను. ఇలాంటిది ఈ కళ్ళతో మళ్ళీ కుట్టలేను. దాని మీద ఒక్క నొక్కు పడినా నీతో మాట్లాడను, చూసుకో.

మీ మామయ్య


లాబ్, మధ్యాహ్నం భోజనాల వేళ
జూన్ 3

మామయ్యా,

కవరు అందింది, అప్పుడే తొడిగేశాం. మీ అబ్బాయి నిన్నట్నించి కారెక్కేముందు చెప్పులు దులుపుకుంటున్నారు. ఇంట్లో ఏనాడైనా దులుపుకున్నారా? ఆ నలుగురినీ పిలిచి కారు తలుపు తీసి మరీ చూపించాను. మా మామయ్య కుట్టారని చెప్పాను. కోపం అక్కడే పోయింది.

ఒక్కటే బాధ. పిల్ల కుర్చీ అడుగున ఆ ప్లాస్టిక్ అంచులు చూస్తే, ఇంత పనితనం మీద దాన్ని పెట్టడానికి చెయ్యి రావడం లేదు. మాట్లాడనని బెదిరించారు కూడాను. ఏదో ఉపాయం చూస్తాలెండి.

ఇరవయ్యో తారీకున బఠాణికి టీకా ఉంది. ఆ రోజు నాకు సెలవు దొరకదు, మీ అబ్బాయి ఊళ్ళో ఉండరు. మీరు తీసుకెళ్తారా? కారు నడపడం మీ వంతు, కుర్చీ బిగించడం నా వంతు. మాట గుర్తుంది కదా.

మీ కోడలు


షాపు వెనక గది
జూన్ 29

అమ్మా,

తొమ్మిది రోజులైంది. ఎవరూ ఏమీ చెప్పడం లేదు. నీకు రాయడానికి కూడా ఇవాళ్టిదాకా ధైర్యం చాలలేదు.

ఆసుపత్రి మెట్ల దగ్గర అబ్బాయి నన్ను ఆపాడు. లోపలికి రావద్దన్నాడు. గొంతు పెంచలేదు, నాకు చెవులు లేవన్న సంగతి కూడా మర్చిపోయి మెల్లగా అన్నాడు. అయినా ప్రతి అక్షరం వినపడింది. వెనక్కి తిరిగి బస్సెక్కాను. నా కొడుకు నన్ను పొమ్మనడం న్యాయమే.

నువ్వు నన్ను ఏమీ అడగలేదు. అడగకపోయినా చెప్పాలి. నలభై స్పీడు కూడా లేదు. పక్కవీధిలోంచి వ్యాను ఆగకుండా వచ్చేసింది, ఆ డ్రైవరు తనదే తప్పని అక్కడే ఒప్పుకున్నాడు. బ్రేకు మీద నిలబడ్డాను, అయినా గుద్దాను. నాకు నుదుటి మీద మూడు కుట్లు, అంతే. వెనక్కి తిరిగి చూస్తే కుర్చీ దాని చోట లేదు. ముందుకొచ్చేసి, ముందుసీటుకి కొట్టుకుని పక్కకి ఒరిగిపోయి ఉంది. పిల్ల దాంట్లోనే ఉంది. ఏడవడం లేదు. ఏడిస్తే బాగుండునని అప్పుడనుకున్నాను.

కుర్చీ ఎవరు బిగించారని వాడు అడిగాడు. నేనే అని చెప్పాను. సరిగ్గా బిగించలేకపోయానని చెప్పాను. ఎవరడిగినా నువ్వూ అదే చెప్పు.

పిల్ల ఎలా ఉందో ఒక్క ముక్క రాయి. నన్ను తిట్టడానికైనా సరే రాయి.

మామయ్య


ఆసుపత్రి, మూడో అంతస్తు
జూలై 10

మామయ్యగారికి,

వెన్నులో దెబ్బ తగిలింది. మెడకి పట్టీ వేశారు. ఎడమకాలు కదులుతోంది, కుడికాలు కదలడం లేదు. రోజూ పొద్దున డాక్టరు వచ్చి పాదంలో సూదితో గుచ్చి చూస్తారు. ఎడమకాలు లాక్కుంటుంది. కుడికాలు అలాగే ఉంటుంది. పక్కన నిలబడి నేను చూస్తాను. సూదులు గుచ్చడం నా పని కదా, అందుకని బయటికి పొమ్మనరు.

మీ అబ్బాయి దగ్గర మీ మాట ఎత్తడానికి లేదు. ఎత్తితే గదిలోంచి లేచి వెళ్ళిపోతున్నారు. చెవులు వినపడని మనిషికి తాళాలెందుకిచ్చావని నన్ను ఒకసారి అడిగారు. కుర్చీ మీరే బిగించానని చెప్పారట. నాతో అన్నారు. విన్నాను.

పిల్ల మాట్లాడుతోంది. నిన్న చెవికి చెయ్యి అడ్డం పెట్టుకుని "ఆఁ" అంది. ఎవరం నవ్వలేదు, తనే ఒకసారి నవ్వి ఊరుకుంది.

ఇప్పుడు రావద్దు.


షాపు వెనక గది
ఆగస్టు 2

అమ్మా,

కారుని ఉంచిన యార్డుకి మొన్న వెళ్ళాను. అందులో మన సామానేమైనా ఉంటే తీసుకుపొమ్మని కబురొచ్చింది. వాడికి చెప్పకుండా నేనే వెళ్ళాను, అవన్నీ వాడు చూడటం ఎందుకని.

ఉన్నవన్నీ పార్సెల్లో పంపుతున్నాను. బఠాణి చెప్పు ఒకటి, రెండోది దొరకలేదు. నీళ్ళ సీసా. టీకా కార్డు, కాస్త తడిసింది. పాత దుప్పట్లు ముక్కలు చేసి నువ్వు కుట్టిన నీలం అంచు బొంత. అది వెనకసీట్లో దొరికింది. ఉతికి, ఎండలో ఆరేసి, ఒక మూల కుట్టు ఊడితే వేసి పంపుతున్నాను.

షాపు తెరవడం లేదు. తెరిచినా చెయ్యి ఆడటం లేదు. కాలి సంగతి రాయి.

మామయ్య


మా వంటగది, బల్ల దగ్గర
ఆగస్టు 14

మామయ్యా,

బొంత అందింది. నాలుగు మడతల్లో ఉంది. ఇంట్లో మేమెప్పుడూ దాన్ని రెండు మడతలే వేస్తాం. నాలుగు మడతలు వేసింది నేను, ఒకే ఒక్కసారి, జూన్ ఇరవై పొద్దున. మీరు ఉతికాక కూడా ఆ మడతల మీదే మడిచి పంపారు. అంటే మీకు తెలుసు. ఇన్నాళ్ళూ తెలిసి ఊరుకున్నారు.

ఎలాగూ తెలుసు కనక రాస్తాను. నేను ఎవరికీ చెప్పలేదు, కనీసం గట్టిగా నాకు నేను కూడా చెప్పుకోలేదు. మీ కవరు మీద నొక్కు పడకూడదని కుర్చీ కింద బొంత వేశాను. దాని మీద కుర్చీ పెట్టి, మీరు రాసినట్టే బెల్టు దూర్చి, కటకటమనిపించి, మోకాలేసి లాగాను. బిగిసినట్టే ఉంది. ఊపితే కొంచెం ఆడింది. బొటనవేలంత ఉంటుందేమో, ఇంకాస్త ఎక్కువేమో. బొంత మెత్తదనంలే అనుకున్నాను. డ్యూటీకి ఆలస్యమవుతోంది. తలుపు వైపు బెల్టు మీద తెల్లగా ఏదో గీత కనపడితే పాల మరకనుకుని తుడవబోయి, అదీ వదిలేశాను. ఆ బొంత అణిగిపోతే బెల్టు వదులవుతుందని నాకు తట్టలేదు. ఇప్పుడు చిన్నపిల్లలకి కూడా తెలిసే సంగతిలా అనిపిస్తోంది.

బఠాణిని ఎత్తుకుని నేను కిందికొచ్చేసరికి మీరు కారు దగ్గర నిలబడి, ముట్టుకోలేదు చూడు అన్నట్టు రెండు చేతులూ పైకెత్తి చూపించారు. గెలిచాననుకుని నవ్వాను. ఆ నవ్వు నాకు రోజూ గుర్తొస్తుంది.

మీరే బిగించానని చెప్పారని తెలిసిన రోజు నాకేమనిపించిందో తెలుసా? హమ్మయ్య అనిపించింది. మిమ్మల్ని మెట్ల మీంచి వెనక్కి పంపేస్తే పైన కిటికీలోంచి చూస్తూ నిలబడ్డాను. కిందికి దిగి ఒక్క మాట చెబితే సరిపోయేది. దిగలేదు. రెండు నెలల్నించి మీరు మోస్తున్నది నా తప్పు. నన్ను కాపాడటానికి మీ కొడుకుని పోగొట్టుకున్నారు. ఇది నేనెలా తీర్చుకోను? ఆయన పనిమీద ఊరెళ్ళారు, వచ్చే వారం చివర వస్తారు. చెప్పేస్తాను.

కుడికాలి బొటనవేలు బుధవారం కొంచెం కదిలింది. నిజంగా కదిలిందో నా కళ్ళకే అలా కనిపించిందో డాక్టరు చెప్పలేదు.

మీ కోడలు


షాపులో, కత్తిరింపు బల్ల మీద
ఆగస్టు 18

అమ్మా,

ఆగు. వాడికి చెప్పేముందు ఇది చదువు. నువ్వు నన్ను దేవుణ్ణి చేసి కూర్చోబెట్టావు. అది భరించలేక రాస్తున్నాను.

నిన్ను కాపాడటానికి నేను అబద్ధం చెప్పలేదు.

మేం రెండు ముక్కలు కలిపి కుట్టేముందు, రెండిటి మీదా సుద్దతో ఎదురెదురుగా చిన్న గీతలు పెట్టుకుంటాం. కుట్టాక గీతలు రెండూ కలిసి ఒక్కటిగా కనిపిస్తే కుట్టు సరిగ్గా పడినట్టు. ఎడంగా ఉంటే మధ్యలో ఎక్కడో గుడ్డ జారినట్టు. మే నెలలో మీ లాబ్ ముందు కుర్చీ బిగించినప్పుడు, నీకు తెలియకుండా బెల్టు మీద ఒక గీత, అది దూరే కన్నం అంచు మీద ఒక గీత పెట్టాను. మైనం కలిసిన సుద్ద, అంత తొందరగా పోదు. ముట్టుకోకుండానే దూరం నుంచి చూసి తెలుసుకోవచ్చని నా తెలివి. నువ్వు పాల మరకనుకున్నది అదే.

ఇరవయ్యో తారీకున మీకంటే ముందు నేను కిందికి దిగాను. తలుపు తీసి చూశాను. గీతలు కలవలేదు. కొత్త కవరు మందానికి కాస్త తేడా వస్తుంది, కానీ అక్కడ మూడు వేళ్ళు పట్టేంత ఎడం ఉంది. కుర్చీ కింద నీలం అంచు కనిపించింది. ముట్టుకోనని మాటిచ్చినవాణ్ణి, ముట్టుకున్నాను కూడా. కదిలింది. బాగా కదిలింది. నలభై ఏళ్ళు సీట్లు కుట్టినవాడికి అది చాలదా? చాలు. నాకు ఆ క్షణంలోనే తెలుసు.

నువ్వు మెట్లు దిగే చప్పుడు నాకు వినపడదు, నీ నీడ కారు మీద పడితే చూశాను. చెయ్యి వెనక్కి తీసుకున్నాను. ఇప్పుడు ఊడదీస్తే మళ్ళీ మొదలు, నా మీద నమ్మకం లేదా అంటావు, ఆ ఉత్తరం, ఆ మాటలు. టీకా వేసే చోటు పది నిమిషాల దూరం. వచ్చాక మెల్లగా చెప్పొచ్చులే అనుకున్నాను. అందుకని రెండు చేతులూ పైకెత్తి చూపించాను. నువ్వు చూసిన ఆ చేతులు అప్పటికే ముట్టుకున్న చేతులు.

నీకు తెలియక చేశావు. నేను తెలిసి తలుపేశాను.

వాడు ఎవరు బిగించారని అడిగినప్పుడు, నువ్వని చెబితే తర్వాతి ప్రశ్న నన్నే అడుగుతాడు, మీరు చూడలేదా అని. దానికి జవాబు చెప్పలేక ఆ తప్పు నా మీద వేసుకున్నాను. చెయ్యి తప్పిందంటే ఎప్పటికైనా క్షమిస్తాడు. చూసి కూడా బండి నడిపానంటే క్షమించడు. బరువు తక్కువున్న తప్పు ఎంచుకున్నాను, అంతేనమ్మా. నువ్వు పడిన బాధ చూస్తూ కూడా రెండు నెలలు దాని వెనక దాక్కున్నాను.

ఇంకొకటి. అన్నీ విప్పి చెప్పినవాణ్ణి, కుర్చీ కింద ఏమీ వెయ్యకూడదని ఒక్క ముక్క రాయలేదు. రాయకపోగా, నొక్కు పడితే మాట్లాడనని రాశాను.

ఈ ఉత్తరం వాడికి చూపించు. నీది కూడా ఇందులో పెట్టి పంపుతున్నాను, నాదీ నీదీ రెండూ చూపించు.

మామయ్య


మా వంటగది, బల్ల దగ్గర
సెప్టెంబరు 30

మామయ్యా,

ఆరు వారాలు రాయలేదు. రాయబోయిన ప్రతిసారీ తిట్లే వచ్చాయి. రెండు కాయితాలు చింపాను. మీరు ఒక్క మాట అని ఉంటే చాలు. నలుగురి ముందూ అనడానికి అడ్డురాని నోరు, ఎవరూ లేనప్పుడు ఎలా మూతపడింది? ఇది అడగకుండా ఉండలేను. జవాబు మాత్రం నాకు తెలుసు. మూయించింది నేను.

ఉత్తరాలు రెండూ మీ అబ్బాయి చేతికిచ్చాను. ఈ బల్ల దగ్గరే కూర్చుని, రెండుసార్లు చదివి, మడిచి పెట్టేశారు. కోప్పడలేదు. ఇప్పుడు మనిద్దరితోనూ మాట్లాడటం లేదు. నాతో ఒకే ఇంట్లో ఉండి మాట్లాడటం లేదు, మీతో దూరంగా ఉండి మాట్లాడటం లేదు, అంతే తేడా. ఎన్నాళ్ళో నాకు తెలియదు.

శుక్రవారం బఠాణిని ఇంటికి తీసుకెళ్ళమన్నారు. కుడికాలికి తొడ నుంచి పాదం దాకా పట్టీ ఉంటుంది. నడుస్తుందా అంటే ఏడాది దాకా ఏమీ చెప్పలేమన్నారు. మామూలుగా నడవడం మాత్రం ఉండదన్నారు. ఆ మాట ఎక్కువసేపు లాగకుండా చెప్పినందుకు ఆ డాక్టరు మీద గౌరవం కలిగింది.

మీ అబ్బాయి కొత్త కుర్చీ కొన్నారు. పెట్టె వారం రోజులుగా హాల్లో ఉంది. ఎవరం తెరవలేదు. మీ అబ్బాయి దాని పక్కనుంచి గోడని రాసుకుంటూ నడుస్తున్నారు. మా లాబ్‌లో ఒకతను వచ్చి బిగిస్తానన్నాడు. వద్దన్నాను. నిన్న మీ అబ్బాయి దాన్ని చూపించి, నెల దాటాక మొదటిసారి నాతో నాలుగు మాటలన్నారు. "నాన్నని రమ్మను. బిగించాలిగా."

క్షమించి పిలుస్తున్నామనుకోకండి. నన్ను నేనే క్షమించుకోలేదు, మీకెక్కణ్ణుంచి తెచ్చివ్వను? అయినా శుక్రవారం పొద్దున్నే రండి. ఆసుపత్రి గుమ్మం ముందే అద్దె కారు పెడతాం. అక్కడ ఎప్పుడూ జనం ఉంటారు. కుర్చీ కింద ఏమీ వెయ్యను. మోకాలేసి నేను బిగిస్తాను, మీరు ఊపి చూడండి. వెంట్రుకంత కదిలినా, అక్కడ ఎంతమంది చూస్తున్నా, బెల్టు ఊడదీసెయ్యండి. నేను మళ్ళీ బిగిస్తాను. మీరు మళ్ళీ ఊడదీయండి.

వచ్చేటప్పుడు సుద్ద తెచ్చుకోండి.

మీ కోడలు